ఐదొందల యెన్ల కుందేలు

ఓ కామెంటేటర్ని ఇచ్చేసి బదులుగా ఓ కార్టూన్ కుందేల్ని పుచ్చుకున్నారంటే నమ్ముతారా? మన దగ్గర కాదు లెండి, అమెరికాలో. అల్ మైకెల్స్ అని అక్కడ ఫుట్‌బాల్ కామెంటరీకి బాగా పేరున్న మనిషి. ఏబీసీ, ఈఎస్‌పీఎన్ చానెళ్ళలో ఉండేవాడు. ఆ రెండూ డిస్నీవే. 2006లో ఆయన ఎన్‌బీసీకి వెళ్ళిపోతానన్నాడు. కాంట్రాక్టు ఉంది కదా, ఊరికే ఎలా వదుల్తారు? డిస్నీకి అప్పుడే కొత్తగా సీఈవో అయిన బాబ్ ఐగర్ ఎన్‌బీసీ యూనివర్సల్ వాళ్ళని అడిగిన వాటిల్లో ఒకటి, "మీ దగ్గర ఎప్పట్నుంచో పడున్న ఆస్వాల్డ్ కుందేల్ని మాకిచ్చెయ్యండి" అని. వాళ్ళూ ఇచ్చేశారు. మేనేజర్లు మనల్ని 'రిసోర్సు' అంటే ఉడుక్కుంటాం కానీ, కనీసం కుందేలుకి మారకం వెయ్యలేదు ఇంతవరకూ :)

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. తర్వాత అసలు ఆ కుందేలు ఎవరు, డిస్నీకి దాని మీద అంత మోజేమిటి అని తవ్వుకుంటూ పోతే నాలుగైదు వారాంతాలు హాంఫట్. తేలిందేమిటంటే, హక్కులైతే చేతికొచ్చాయి కానీ బొమ్మలు లేవు! 1927, 28లో వాల్ట్ డిస్నీ స్టూడియో ఆస్వాల్డ్ పేరుతో తీసిన చిన్న సినిమాలు 26. 2007 చివర్లో డిస్నీ వాళ్ళు వాటిని డీవీడీగా వేసినప్పుడు అందులో పెట్టగలిగినవి 13. సరిగ్గా సగం. మిగతా సగం ఏమైంది అన్నదే నేను చెప్పాలనుకుంటున్న కథ.

ముందు కుందేలు పుట్టుక గురించి రెండు ముక్కలు. 1927లో యూనివర్సల్ కంపెనీకి ఓ కార్టూన్ సిరీస్ కావాలి. చార్లెస్ మింట్జ్ అనే పంపిణీదారు మధ్యలో ఉండి ఆ పని డిస్నీకి ఇప్పించాడు. వాల్ట్, ఆయన జతగాడు అబ్ ఐవర్క్స్ కలిసి ఆస్వాల్డ్ ని తయారు చేశారు. 'ట్రాలీ ట్రబుల్స్' అన్నది 1927 సెప్టెంబర్ 5న విడుదలైంది. జనానికి తెగ నచ్చింది. మర్నాడు ఉదయం వాల్ట్ చాలా తెలివిగా తన క్లయింటుతో కాంట్రాక్టు చదువుకుని ఉండాల్సింది, చదువుకోలేదు. 1928 మొదట్లో న్యూయార్క్ వెళ్ళి, ఒక్కో సినిమాకి ఇస్తున్న 2250 డాలర్లని 2500 చెయ్యమన్నాడు. మింట్జ్ 1800 ఇస్తానన్నాడు. కాదంటే నీ మనుషుల్ని నేను ముందే మాట్లాడేసుకున్నాను, బొమ్మ యూనివర్సల్ ది, నువ్వు లేకపోయినా నడుస్తుంది అన్నాడు. ఐవర్క్స్ తప్ప దాదాపు ముఖ్యమైన బొమ్మలగాళ్ళందరూ నిజంగానే అవతలి పక్కకి వెళ్ళిపోయారు. అటు మీద మిక్కీ మౌస్ పుట్టడం, 1928 నవంబర్ 18న 'స్టీంబోట్ విల్లీ' ఆడటం అందరికీ తెలిసిందే. మింట్జ్ కూడా ఏమీ బావుకోలేదు. ఏడాది తిరక్కుండా యూనివర్సల్ వాళ్ళు ఆయన చేతిలోంచీ కుందేల్ని లాక్కుని వాల్టర్ లాంట్జ్ కి ఇచ్చారు.

నన్నడిగితే మిక్కీ కన్నా ఆస్వాల్డే బాగుంటాడు. మిక్కీ కొన్నాళ్ళకి బుద్ధిమంతుడైపోయాడు, బట్టలు నలక్కుండా తిరిగే మావూరి హెడ్మాష్టారి అబ్బాయిలాగా. ఆస్వాల్డ్ కి ఆ బాధ లేదు. 'ట్రాలీ ట్రబుల్స్' లో బండి బ్రేకులు పనిచెయ్యక కిందకి దూసుకుపోతుంటే, వీడు తన కాలు తనే ఊడబెరుక్కుని అదృష్టం కోసం రుద్దుకుంటాడు. అమెరికాలో కుందేలు కాలు దగ్గరుంచుకుంటే కలిసొస్తుందని నమ్మకం కదా, కుందేలు మరి ఎవరి కాలు వాడుకోవాలి? 'ఓ, వాట్ ఎ నైట్' లో ఒళ్ళు తడిస్తే తడిగుడ్డని పిండినట్టు తనని తనే మెలితిప్పి పిండుకుంటాడు. అదే సినిమాలో కత్తియుద్ధం మధ్యలో వీడు వెళ్ళి అమ్మాయికి ముద్దు పెడుతుంటే, వీడి నీడ మాత్రం అక్కడే నిలబడి యుద్ధం కొనసాగిస్తుంది! మాటల్లేవు, రంగుల్లేవు, ఒక్కోటీ ఆరు నిముషాలు. దాదాపు రెండు వారాలకొకటి చొప్పున తీసేవాళ్ళు. అంటే రెండు వారాల స్ప్రింటు. అందులో ఇంత అల్లరి పట్టించారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. గీత అక్కడక్కడా వణుకుతుంది, ఒకే పరుగు నాలుగుసార్లు తిరిగి వాడేస్తారు. అదే నాకు ముద్దొస్తుంది. ఎవరో మనిషి కూర్చుని ఇంకుతో గీశాడని కనపడుతూ ఉంటుంది.

సరే, ఇంత బాగున్నవాటిని ఎందుకు పోగొట్టుకున్నారు?

అప్పట్లో వాటికి విలువ లేదు, అంతే. అసలు సినిమాకి ముందు కాస్త నవ్వించడానికి వేసే తునకలవి. వారం ఆడాక పాత న్యూస్‌పేపరుతో సమానం. పైగా అప్పటి 35 ఎంఎం ఫిల్మ్ నైట్రేట్ తో చేసేవాళ్ళు. అది తుపాకీ మందుకి దగ్గర చుట్టం. ఒకసారి అంటుకుందా, నీళ్ళలో ముంచినా ఆరదు. అంటుకోకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ జిగురై, ఆ తర్వాత పొడైపోతుంది. దాన్ని దాచాలంటే చల్లటి గదులు కావాలి, ఇన్సూరెన్సు కావాలి. మాటల సినిమాలు వచ్చాక మూగ సినిమాలకి ఎవడు డబ్బు పెడతాడు? 1948లో యూనివర్సల్ వాళ్ళు తమ దగ్గర మిగిలున్న మూగ సినిమాల్ని వాళ్ళంతట వాళ్ళే నాశనం చేసేశారు. ఫిల్మ్ మీద పూతలో వెండి ఉంటుంది, అది వసూలవుతుంది, గదులు ఖాళీ అవుతాయి. ఆ లెక్క వేసినవాడు ఆ ఏడాది 'కాస్ట్ సేవింగ్' కి శభాష్ అనిపించుకునే ఉంటాడు.

అంటే సొంతదారు పారేశాడు. మరి ఉన్నవైనా ఎలా ఉన్నాయి? ఇక్కడ్నుంచే నాకు ఆసక్తి ఎక్కువైంది.

1922లో ఫ్రాన్స్ లో పాతే కంపెనీ వాళ్ళు ఇళ్ళల్లో సినిమా చూసుకోవడానికి 9.5 ఎంఎం అనే బుల్లి ఫిల్మ్ తెచ్చారు. పళ్ళచక్రానికి తగులుకునే చిల్లు అంచున కాకుండా ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్యలో ఉంటుంది. మరుసటేడు కొడాక్ వాళ్ళు 16 ఎంఎం దింపారు. ఇవి నైట్రేట్ కాదు, పిల్లల చేతికిచ్చినా ఇల్లు తగలబడదు. దాంతో థియేటర్లో ఆడేసిన కార్టూన్లని ఈ బుల్లి ఫిల్మ్ మీదకి ఎక్కించి, ముక్కలు చేసి, డబ్బాల్లో పెట్టి బొమ్మల దుకాణాల్లో అమ్మడం మొదలైంది. చేత్తో తిప్పే ప్రొజెక్టరు, తెల్ల దుప్పటి, నలుగురు పిల్లలు. పుట్టినరోజుకి కొనిపెడతారు, నెల రోజులు ఆడతారు, తర్వాత అటక మీదకి. ఆ అటకలే ఆర్కైవ్ లు అయ్యాయి.

2011లో ఇంగ్లండ్ లోని హంట్లీ ఫిల్మ్ ఆర్కైవ్స్ లో 'హంగ్రీ హోబోస్' బయటపడింది. లాస్ ఏంజెలెస్ లో వేలానికి పెడితే ముప్పై వేల డాలర్లకి పైనే పలికింది. కొనుక్కున్నది ఎవరో తెలుసా, డిస్నీ వాళ్ళే. తాము తీసిన ఆరు నిముషాల సినిమాని 83 ఏళ్ళ తర్వాత తామే వేలంపాటలో కొనుక్కోవడం!

2014లో నార్వే. అక్కడి జాతీయ గ్రంథాలయం వాళ్ళకి ఆర్కిటిక్ వృత్తానికి దగ్గర్లో మో ఇ రానా అనే ఊళ్ళో కొండని తొలిచి కట్టిన నేలమాళిగలున్నాయి. పాత నైట్రేట్ రీళ్ళ జాబితా రాస్తుంటే రెండు రీళ్ళు దొరికాయి. మొదట్లో అదేమిటో వాళ్ళకీ తెలీదు. చూస్తే 'ఎంప్టీ సాక్స్', 1927 క్రిస్మస్ కోసం తీసింది. అప్పటిదాకా దానిలో పాతిక సెకన్ల ముక్క మాత్రమే న్యూయార్క్ మ్యూజియంలో ఉండేది. ఇప్పుడు అయిదున్నర నిముషాలు.

2015లో లండన్ ది ఇంకా చిత్రం. 'స్లే బెల్స్' ఎక్కడా దాక్కోలేదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గిడ్డంగిలో 1981 నుంచీ ఉంది. సోహోలో ఏదో ఫిల్మ్ లాబ్ మూతపడితే ఆ సరుకుతో పాటు వచ్చింది. క్యాటలాగ్ లో పేరు కూడా సరిగ్గానే రాసుంది. అది పోయిందనుకుంటున్న సినిమా అని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఓ పరిశోధకుడు ఆన్‌లైన్ క్యాటలాగ్ లో వెతుకుతూ చూసి అడిగితే బయటపడింది. డేటా ఉంది, ఇండెక్స్ ఉంది, క్వెరీ వేసినవాడే లేడు, ముప్పై నాలుగేళ్ళు!

వీటన్నిట్లో నా మనసుకి బాగా పట్టింది జపాన్ కథ. యసుషి వతనబె అని జపాన్ యానిమేషన్ చరిత్ర మీద పనిచేసినాయన. యుద్ధం అయిపోయిన తర్వాత, టీనేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు ఒసాకాలో బొమ్మల బజారులో ఓ 16 ఎంఎం రీలు కొన్నాడు. ధర 500 యెన్లు. డబ్బా మీద 'మిక్కీ మాంగా స్పైడ్' అని రాసుంది. 'స్పీడ్' అని రాయబోయి అలా రాశారన్నమాట. అమ్మినవాడి దృష్టిలో నల్ల ఒళ్ళు, తెల్ల మొహం, పొట్టి నిక్కరు ఉన్న ప్రతి బొమ్మా మిక్కీనే. వతనబె ఇంట్లో ఆ రీలు అలా దాదాపు డెబ్భై ఏళ్ళు ఉండిపోయింది. 2017లో డేవిడ్ బోసర్ట్ అనే ఆయన, డిస్నీలో చాలాకాలం పనిచేసినవాడు, పోయిన ఆస్వాల్డ్ సినిమాల గురించి ఓ పుస్తకం రాశాడు. అది చదివాక వతనబెకి అనుమానం వచ్చి తన పాత పెట్టెలు తీసి చూసుకున్నాడు. 2018లో డిస్నీ ఆర్కైవ్స్ వాళ్ళు అవును, ఇది 'నెక్ అండ్ నెక్' అని తేల్చారు. అసలుది అయిదు నిముషాల పైచిలుకు, ఉన్నది రెండు నిముషాలు. అప్పటికి ఆయన వయసు 84.

తనని పోగొట్టుకున్న బాధలోంచి పుట్టిన మిక్కీ పేరు మీదే ఆ కుందేలు అన్నాళ్ళు అజ్ఞాతవాసం చేసిందన్నమాట. విరాట పర్వమే.

ఇక్కడ ఓ పిడకల వేట. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఓ శుక్రవారం సాయంత్రం (ఎప్పుడూ శుక్రవారమే ఎందుకో) ఓ మైగ్రేషన్ స్క్రిప్టు తప్పుగా రన్ అయి, ఏళ్ళ తరబడి కూర్చుకున్న రూల్స్ టేబుల్ ఒకటి చెరిగిపోయింది. బ్యాకప్ ఉందా అంటే ఉంది. రిస్టోర్ చేస్తే ఖాళీ. ఎనిమిది నెలలుగా ఆ బ్యాకప్ జాబ్ ఖాళీ ఫైళ్ళని శ్రద్ధగా దాస్తోందని అప్పుడు తెలిసింది. రాత్రి రెండింటికి మా టీములో ఓ సీనియర్ అన్న నెమ్మదిగా, "నా లాప్‌టాప్ లో మొన్న నెల కాపీ ఒకటుంది, టెస్టింగ్ కోసం తీసుకున్నాను" అన్నాడు. కస్టమర్ల వివరాలేవీ లేవందులో, కానీ అలా తీసుకోవడం పాలసీకి విరుద్ధమే. ఆ కాపీతోనే సోమవారానికి అంతా లేచి నిలబడింది. మంగళవారం ఆ అన్నకి పాలసీ ఉల్లంఘన మీద వార్నింగ్ మెయిల్ వచ్చింది! బ్యాకప్ జాబ్ చూసుకోవాల్సిన వాళ్ళకి ఏ మెయిలూ రాలేదు.

సినిమా కలెక్టర్లకీ ఇదే జరిగింది. బుల్లి ఫిల్ములు కొనుక్కోవడం న్యాయమే, కంపెనీలే అమ్మాయి. కానీ థియేటర్ ప్రింట్లు ఎప్పుడూ అమ్మేవాళ్ళు కాదు, అద్దెకిచ్చేవాళ్ళు. ఆట అయిపోయాక వెనక్కి పంపాలి, లేదా నాశనం చెయ్యాలి. చెత్తలోకి వెళ్ళాల్సిన ప్రింటుని ఎవరైనా ముచ్చటపడి ఇంటికి పట్టుకెళ్తే చట్టం ప్రకారం దొంగసొత్తే. 1974 డిసెంబర్ లో ఎఫ్‌బీఐ వాళ్ళు రాడీ మెక్‌డోవల్ అనే పేరున్న నటుడి ఇంటి మీద దాడి చేసి 160కి పైగా ప్రింట్లు పట్టుకుపోయారు. చివరికి కేసు పెట్టలేదు కానీ మిగతా కలెక్టర్లందరికీ గుండెల్లో రాయి పడింది. తమ దగ్గర ఏముందో బయటకి చెప్పడం మానేశారు. ఇది ఎంత నష్టమో చూడండి. లోకంలో మిగిలిన ఒకే ఒక్క కాపీ ఎవరి దగ్గరుందో ఆయనే దాన్ని పరుపు కింద దాచుకోవాలి. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళకి అదేమిటో తెలీదు, తుప్పు పట్టిన డబ్బాలు పాత సామాన్లవాడికి వేసేస్తారు. అలా ఎన్ని పోయాయో లెక్క కట్టేవాడు కూడా ఉండడు.

స్టూడియోల పక్షాన మాట్లాడాలంటే, దొంగ ప్రింట్లు తీసి అమ్ముకునేవాళ్ళూ అప్పట్లో ఉన్నారు, నిజమే. కాకపోతే తన సినిమాని తానే వెండి కోసం కడిగేసే సొంతదారుకి, ఇంకొకడు దాచుకుంటే దొంగ అనే నైతిక హక్కు ఎంతవరకూ ఉంటుందన్నది నా ప్రశ్న.

మనందరం పెరిగిన టామ్ అండ్ జెర్రీ సంగతీ ఇంతే. స్కూల్ నుంచి రాగానే బూట్లు విప్పకుండా చూసిన ఆ పాత బొమ్మలు (1940 నుంచి 58 దాకా హన్నా, బార్బెరా ఎంజీఎం లో తీసినవి) కొన్ని మసకమసగ్గా, రంగు వెలిసినట్టు ఉంటాయి గుర్తుందా? ఎంజీఎం వాళ్ళు తమ నైట్రేట్ నెగెటివ్ లని రోచెస్టర్ లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ కి భద్రంగా దాచమని ఇచ్చారు. 1978 మే 29న అక్కడ నిప్పంటుకుంది. 329 చిత్రాల ఒరిజినల్స్ బూడిద. తొలినాటి టామ్ అండ్ జెర్రీల నెగెటివ్ లు చాలా అందులో పోయాయి. మనం చూసేవి తర్వాతి తరం కాపీల నుంచి తీసినవి. అంటే జాగ్రత్త చేసినా, అన్నీ ఒక్కచోటే పెడితే ఇదీ ప్రమాదం. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అన్నది మనకి ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు కదా.

కాపీ పోవడం ఒకటైతే, వెర్షన్ పోవడం ఇంకొకటి. వార్నర్ బ్రదర్స్ వాళ్ళు 1943 నుంచీ పాత కార్టూన్లని 'బ్లూ రిబ్బన్' పేరుతో మళ్ళీ విడుదల చేసేవాళ్ళు. అప్పుడు కొత్త టైటిళ్ళు అతికించడానికి ఒరిజినల్ నెగెటివ్ లోనే పాత టైటిళ్ళు కత్తిరించి పారేశారు. బొమ్మలు గీసినవాళ్ళ పేర్లూ వాటితోనే పోయాయి. బగ్స్ బన్నీకి మొదటి సినిమాగా అందరూ లెక్కించే 'ఎ వైల్డ్ హేర్' (1940) లో ఓ దృశ్యం ఉంది. బగ్స్ వెనకనుంచి వచ్చి ఎల్మర్ కళ్ళు మూసి నేనెవరో చెప్పుకో అంటే, వాడు వరసగా సినిమా తారల పేర్లు చెబుతాడు. అందులో ఒకటి కెరోల్ లోంబార్డ్. 1942 జనవరిలో ఆవిడ విమాన ప్రమాదంలో చనిపోయింది. 1944లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పేరు తీసేసి బార్బరా స్టాన్‌విక్ అని పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ తర్వాత చాలా ఏళ్ళు టీవీల్లో ఆడింది ఈ మార్చినదే. కలెక్టర్లు ఒరిజినల్ టైటిళ్ళున్న ప్రింటు కోసం ఎందుకంత పడి చస్తారో నాకు ఇది చదివాకే అర్థమైంది. కమిట్ హిస్టరీ లేని చోట పాత ప్రింటే హిస్టరీ.

కలెక్షన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది సెల్స్, అంటే పారదర్శకమైన రేకు మీద చేత్తో రంగులేసిన బొమ్మలు. వాటి మార్కెట్ వేరే లోకం. మొదట్లో స్టూడియోల్లో పని అయిపోగానే ఆ రంగు కడిగేసి రేకుని మళ్ళీ వాడుకునేవాళ్ళు. 1938 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కోర్వాజియే గాలరీ వాళ్ళు డిస్నీ సెల్స్ కి ఫ్రేములు కట్టి అమ్మారు. 1989లో 'ఆర్ఫన్స్ బెనిఫిట్' (1934) తాలూకు ఒక్క బొమ్మ, వెనక దృశ్యంతో సహా, క్రిస్టీస్ వేలంలో 2,86,000 డాలర్లకి పోయింది. గోడకి అందమే, కాదనను. నాకు మాత్రం దాని మీద పెద్దగా మనసు పోదు. ఒక్క సెల్ అంటే సెకనులో పన్నెండో వంతో ఇరవై నాలుగో వంతో. కదిలితేనే గదా ఆ కుందేలు కాలు ఊడబెరుక్కునేది.

మన దగ్గర పరిస్థితి తల్చుకుంటే ఇంకోలా అనిపిస్తుంది. దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లల్ని ఒక్కో ఫ్రేముకీ కాస్త కాస్త జరుపుతూ 'ఆగకాడ్యాంచీ మౌజ్' అని ఓ చిన్న సినిమా తీశాడు. ఇప్పుడు లేదు. తెలుగువాళ్ళు మద్రాసులో తీసిన మొదటి మూగ సినిమా, రఘుపతి ప్రకాష్ 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ', అదీ లేదు. ఇక్కడా రీళ్ళని వెండి కోసం కడిగేశారు, అమ్మేశారు. పూనా ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే ఆలస్యం. పి.కె.నాయర్ గారు ఊరూరూ తిరిగి పోగుచెయ్యకపోతే ఫాల్కేవి ఆ నాలుగు ముక్కలైనా మనకి ఉండేవి కావు. నార్వే కొండలో అమెరికా కుందేలు దొరికినప్పుడు మన భీష్ముడు ఏ రంగూన్ లోనో ఏ సింగపూర్ లోనో ఓ డబ్బాలో ఉండకూడదా అని ఆశ పుడుతుంది. అత్యాశే అనుకోండి.

2023 జనవరి 1తో 1927 నాటి ఆస్వాల్డ్ సినిమాల మీద అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది. మరుసటేడు 1928వీ అంతే. ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు, దాచుకోవచ్చు, పంచుకోవచ్చు. కొన్ని ఇంకా దొరకాల్సి ఉంది, వాటికీ కాపీరైట్ తీరిపోయింది.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, దొరికినవన్నీ ఓ హార్డ్‌డిస్కులో వేసి, దాన్ని అమ్మావాళ్ళ బీరువాలో నా టెన్త్ సర్టిఫికెట్ల పక్కన పెట్టాను. "ఇదేంట్రా, ఆఫీసుదా?" అంది అమ్మ.

"కాదమ్మా, కుందేలు" అన్నాను.